కుర్చీకి సంబంధాలు

"ఆ తువ్వాలు అక్కడ ఆరేశారేమిటి?"

"తడిగా ఉందని."

"బయట తీగ లేదూ?"

"తీగంతా నీ దుప్పట్లే. ఒక్క తువ్వాలుకి ఇంత రాద్ధాంతమా?"

మా ఆయన తువ్వాలు లాగి భుజాన వేసుకుని విసురుగా గదిలోకి వెళ్ళిపోయారు. ఆయన ఆరేసింది మా అమ్మాయి చక్రాల కుర్చీ పిడి మీద. అమ్మాయి పోయి నాలుగు నెలలైంది.

దానికి పదకొండేళ్ళు. ఆ కుర్చీలో ఇల్లంతా తిరుగుతూ ప్రతి గుమ్మానికీ ఒక గీత పెట్టేది. అందుకే మా మామగారు దాన్ని "డ్రైవరమ్మా" అని పిలిచేవారు. పిల్లల కొలతకి చేయించిన కుర్చీ అది. అవసరమైన పిల్లలెవరికైనా ఇచ్చేద్దామని మొదట అన్నది నేనే. మా ఆయన తను పనిచేసే కళ్ళజోళ్ళ షాపు అద్దానికి ఒక చీటీ అంటించారు. అవసరమైనవాళ్ళు రావడం మొదలయ్యాకే తెలిసింది, వాళ్ళ అవసరం ఒక్కటే నాకు చాలదని.

ముందు ఒక వెల్డరు వచ్చాడు. పని మధ్యలో వచ్చినట్టున్నాడు, చొక్కా నిండా నిప్పురవ్వలు కాల్చిన చిల్లులు. తొమ్మిదేళ్ళ కూతుర్ని చంకనెత్తుకుని రెండంతస్తులు ఎక్కాడు. పిల్లని కుర్చీలో దించి, వంగి, అతుకులన్నీ వేలితో కొట్టి చూశాడు.

"కాళ్ళు పెట్టుకునే పలక రెండంగుళాలు పైకి జరపాలమ్మా. కోసి అతికేస్తాను."

"నాన్నా, సీటు రంగేం బాలేదు," అంది పిల్ల.

"మార్పిద్దాంలే. ఎప్పుడు తీసుకెళ్ళమంటారమ్మా?"

మా అమ్మాయి గురించి ఒక్క మాట అడగలేదు. "కబురు చేస్తాం," అన్నాను. అతను పిల్లని మళ్ళీ చంకనెత్తుకుని మెట్లు దిగాడు.

"ఏం లోటు కనిపించిందమ్మాయ్ వాళ్ళలో?" అన్నారు మామగారు.

"ఇంకా ఎవరైనా వస్తారేమో చూద్దాం మామయ్యా."

"మీ ఆవిడ కుర్చీకి సంబంధాలు చూస్తోందిరా," అన్నారాయన కొడుకుతో. ఎవరూ నవ్వలేదు. అన్నందుకు ఆయనే నొచ్చుకున్నట్టు పేపరు అడ్డం పెట్టుకున్నారు.

తర్వాత ఒక పిల్లల ఆశ్రమం నుంచి ఒకావిడ వచ్చింది. "మా దగ్గర నలభైమంది ఉన్నారండీ. ఏ పూట ఎవరికి కావాలంటే వాళ్ళు కూర్చుంటారు," అంది. నలభైమంది అనగానే నా కళ్ళ ముందు ఒక్క ముఖమూ నిలవలేదు. ఆవిడకీ కబురు చేస్తామనే చెప్పాను.

మూడో వారంలో భార్యాభర్తలు కొడుకుని తీసుకుని వచ్చారు. గోడ మీది ఫోటో చూసి ఆవిడ గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఈ పాపేనా అమ్మా?"

నా చేతులు పట్టుకుని ఏడ్చింది. మా తోడబుట్టినవాళ్ళకి కూడా చెప్పుకోని సంగతులు ఆవిడకి చెప్పాను. చివరి వారం అది ఏం పెట్టినా తినకపోవడం, ఒక రోజు నేను దాని మీద విసుక్కోవడం. చెబుతుండగానే కుర్చీ వీళ్ళకే అని నిశ్చయించుకున్నాను.

వాళ్ళబ్బాయిని కూర్చోబెట్టారు. పదమూడేళ్ళుంటాయి, బాగా పొడుగు. మోకాళ్ళు గుండెల దాకా వచ్చాయి. అయినా నవ్వుతూనే ఉన్నాడు.

"బాగుందా బాబూ?"

"చాలా బాగుందండీ."

పట్టీ సర్దుదామని వంగాను. కుర్చీకి రెండు పక్కలా ఉన్న రేకులు వాడి తొడల్లోకి నొక్కుకుపోయి ఉన్నాయి. "నొప్పిగా లేదూ?" అన్నాను. వాడు ముందు తల్లి వైపు చూశాడు.

"ఎలాగో సర్దుకుంటాడమ్మా. ఎవరింటికైనా అడగడానికి వెళ్ళేటప్పుడు నవ్వుతూ ఉండాలని చెప్పే తీసుకొస్తాం," అంది ఆవిడ. గడపలో కాళ్ళు తుడుచుకోమని చెప్పినంత మామూలుగా అంది. ఆవిడ ఏడుపు దొంగ ఏడుపేమీ కాదు. బుగ్గలు ఇంకా ఆరలేదు.

నేనూ వాళ్ళ నాన్నా కలిసి వాడిని లేపాం. రెండు తొడల మీదా ఎర్రటి వాతలు. సరిపోదని చెబితే ఆవిడ నాకే క్షమాపణ చెప్పింది, నా సమయం పాడు చేసినందుకు.

వాళ్ళు వెళ్ళాక చాలాసేపు నేల మీదే కూర్చున్నాను. పట్టని కుర్చీలో వాడు నవ్వాల్సి వచ్చింది నా ఇంట్లో. పట్టీ సర్దుదామని నేను వంగకపోతే, అదే కుర్చీ చేతికిచ్చి, మంచి పని చేశానని ఆ రాత్రి హాయిగా పడుకునేదాన్ని. సరిగ్గా సరిపోయిన పిల్లని మూడు వారాలుగా తండ్రి మోస్తూనే ఉన్నాడు. ఆ పిల్ల నా ఎదుట నవ్వలేదు. వాళ్ళ నాన్న ఏడవలేదు.

రాత్రి భోజనాల దగ్గర అందరి కంచాల్లోనూ వడ్డించాక నేనూ కూర్చున్నాను.

"వెల్డరుని రేపు రమ్మనండి. కుర్చీ ఆ పాపకే."

మా ఆయన చేయి కంచంలోనే ఆగింది. "సరే. నాలుగింటికి రమ్మంటాను."

"మీరు సెలవు పెట్టండి. నేను ఇంట్లో ఉండను."

"అదేమిటి? నీ చేత్తో ఇవ్వవా?"

"నేనుంటే వాళ్ళ ముఖాల్లోకి చూస్తూ కూర్చుంటాను."

మామగారు మంచినీళ్ళ గ్లాసు నా వైపు జరిపారు.

"మీరు తలుపు తీసి ఇచ్చేయండి," అన్నాను. "దాని గురించి వాళ్ళకేం చెప్పొద్దు. కిందికి దిగి వెళ్ళిపోయాక నాకు ఫోన్ చేయండి. అప్పుడొస్తాను."