చెప్పుల దగ్గర టీచరమ్మ

"నువ్విక్కడే ఉండు. చెప్పులెవరైనా ఎత్తుకుపోతారు," అన్నారు మా ఆయన.

స్మారకస్తంభం ఉన్న రాతి అరుగు ఎక్కాలంటే చెప్పులు విప్పాలి. ఆయనవి, అత్తగారివి, ఆడపడుచువి, ఆవిడ పిల్లలిద్దరివి. అయిదు జతలూ, మందుల సంచీ, నీళ్ల సీసాలూ నా దగ్గర చేరాయి. ఎండ మాడ్చేస్తోంది. పొద్దున్నే లేచి అందరికీ టిఫిను కట్టింది నేనే, "ఈవిడకి ఎక్కడికొచ్చినా నీరసమే" అనిపించుకున్నదీ నేనే.

అరుగు మీద మా ఆయన గొంతు పెంచి మేనల్లుడికీ మేనకోడలికీ చరిత్ర చెబుతున్నారు. "దేశాన్నేలిన ఆ పెద్దాయన ఇదిగో, ఇక్కడే ప్రాణం విడిచాడు. అందుకే ఈ స్తంభం."

పద్నాలుగేళ్లుగా ఎనిమిదో తరగతికి ఈ పాఠం చెబుతున్నాను. ఆ పెద్దాయన పోయింది ఆసుపత్రిలో. ఇది ఆయన మొట్టమొదట జనం ముందు నిలబడి మాట్లాడిన చోటు. చెబుదామని నోరు తెరవబోయాను. ఒకసారి ఆఫీసు స్నేహితుల ముందు మా ఆయన మాట సరిదిద్దితే వారం రోజులు దెప్పారు, "కూరలో ఉప్పెక్కువైంది టీచరమ్మా, ఇది ఏ పుస్తకంలో ఉంది?" అని. "మొగుడి పరువు తియ్యడానికా చదువుకున్నావు?" అన్నారు అత్తగారు. అవన్నీ గుర్తొచ్చి ఊరుకున్నాను. ఊరుకున్నా బాగుండేది. పైనుంచి ఆయన "అంతే కదూ?" అంటే తల కూడా ఊపాను.

"టీచర్!"

మా క్లాసు పిల్ల. వాళ్లమ్మ చెయ్యి పట్టుకుని నా వెనకే నిలబడి అంతా వింది.

"నేనూ అదే రాస్తే తప్పని మార్కులు కోసేశారు కదా టీచర్. అంకుల్ చెబితే రైటా?"

ఎగతాళి కాదు. నిజంగానే తెలియక అడుగుతోంది. సిగ్గుతో చచ్చిపోయాను. తెలిసింది ఎవరి ముందైనా ధైర్యంగా చెప్పాలని క్లాసులో దంచేది నేనే. ఆ పిల్ల కాగితం మీద ఎర్ర సిరాతో అడ్డంగా కొట్టేసిందీ నేనే.

"రైటు కాదమ్మా," అన్నాను. "నేను తల ఊపడం ఇంకా పెద్ద తప్పు."

నా చెప్పులూ విప్పి ఆ అయిదు జతల పక్కన పెట్టాను.

"ఎక్కడికి? మరి చెప్పులు?" కేకేశారు మా ఆయన.

పిల్ల చెయ్యి పట్టుకుని అరుగెక్కాను. రాయి అరికాళ్లు కాలుస్తోంది. అత్తగారు అప్పుడే మొహం ముడుచుకున్నారు.

"పిల్లలూ, ఇటు చూడండి," అన్నాను, క్లాసులో ఆఖరి బెంచీకి వినిపించేంత గట్టిగా. "మీ మావయ్య చెప్పింది తప్పు."