నానమ్మ దగ్గితే

“అమ్మాయ్, కాసిని మంచినీళ్ళు పట్రా” అని నానమ్మ అన్నదంటే మా ఇంట్లో ఎవరికో దాహం వేసిందని కాదు. టీవీలో హీరో హీరోయిన్‌కి దగ్గరగా జరుగుతున్నాడని. ముందు ఒక దగ్గు వినిపిస్తుంది. గొంతులో ఏదీ అడ్డం పడని, శుభ్రమైన దగ్గు. అది వినగానే నాన్న తల పైకెత్తి ఫ్యాన్ రెక్కల్ని చూడటం మొదలుపెడతాడు. నేను లేచి వంటింట్లోకి వెళ్ళాలి. నానమ్మ మాత్రం కళ్ళజోడు తీసి, పైటకొంగుతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుంటుంది. ప్రేమకథ అయితే, సినిమా అయ్యేసరికి మా ఇంట్లో అందరి కడుపులూ చెరువులే.

సినిమా మొదట్లో ఏ వయసువాళ్ళు చూడొచ్చో చెబుతూ ఒక ముద్ర పడుతుంది. కొందరు పెద్దవాళ్ళు కూర్చుని సినిమా అంతా చూసి, ఆలోచించి అది వేస్తారని మా సైన్సు టీచరమ్మ చెప్పింది. ఆ మాట ఇంట్లో చెబితే నానమ్మ మూతి విరిచింది. “వాళ్ళకేం తెలుసే మన పిల్ల సంగతి? వాళ్ళ ముద్ర వాళ్ళది, నా దగ్గు నాది” అంది. నాకు నవ్వొచ్చింది. నానమ్మ మీద కోపం తెచ్చుకోవడం నాకు చేతకాదు. నన్ను నీళ్ళకి పంపి, నేను తిరిగి వచ్చేసరికి తన పక్కన చోటు ఖాళీగా ఉంచి, “రా రా, అయిపోయిందిలే” అని దుప్పటి నా కాళ్ళ మీదికి లాగేది కూడా ఆవిడే.

చిన్నప్పుడు బిందె వంచలేనని అమ్మ కూడా నా వెంట వచ్చేది. ఇప్పుడు నేను అమ్మకంటే పొడుగు. బిందెను ఒంటిచేత్తో దించగలను. అయినా నాన్న ఫ్యాన్ వైపు చూస్తూనే, “నువ్వూ వెళ్ళవే, లేకపోతే అది మధ్యలోనే వచ్చేస్తుంది” అంటాడు. నా కళ్ళకి కాపలా కాయడం అమ్మ పని. వంట, గిన్నెలు, బట్టలు, రోజంతా కుట్టుమిషను, వీటి పక్కన అదొక పని అని ఎవరికీ తోచలేదు, అమ్మకి కూడా. నాన్న కర్రల అడితిలో లెక్కలు రాస్తాడు. సాయంత్రం వచ్చి కాళ్ళు చాపుకుని, “నీకేం, ఇంట్లో నీడపట్టున కూర్చునే పని” అంటాడు. ప్రేమగానే అంటాడు, అమ్మ అదృష్టాన్ని చూసి ముచ్చటపడుతున్నట్టు. ఆ నీడపట్టున కూర్చునే అమ్మ, నేను పుట్టాక ఒక్క సినిమా కూడా మొదటి నుంచి చివరిదాకా చూడలేదు.

వంటింట్లో మేమిద్దరం గోడకి ఆనుకుని పాట అయిపోయేదాకా నిలబడతాం. అమ్మ చేతులు ఊరికే ఉండవు, కడిగిన గ్లాసులే మళ్ళీ కడుగుతుంది. “ఇప్పుడేం అవుతుంటుందమ్మా?” అని అడుగుతాను. “ఏముంది, అలిసిపోయి వచ్చావు కదా, కూర్చో, ఈ పూట వంట నేను చేస్తానని అంటుంటాడు” అంటుంది అమ్మ. ప్రతి సినిమాలోనూ అమ్మ చెప్పే హీరో వంట చేస్తాడు. ఒకసారి స్నేహితురాలి ఇంట్లో అలాంటి ఘట్టం ఒకటి పూర్తిగా చూశాను. ఇద్దరూ ముద్దు పెట్టుకున్నారు, వాన పడింది, అంతే. వంట మాటే లేదు. అమ్మ చెప్పేదే బాగుంటుంది అనుకున్నాను.

నానమ్మ దగ్గని ఘట్టాలు కూడా ఉన్నాయి. మొగుడు పెళ్ళాం చెంప పగలగొడతాడు. అన్నం కంచం గోడకి తగులుతుంది. జుట్టు పట్టుకుని బయటికి ఈడుస్తాడు. అప్పుడు ఎవరికీ నీళ్ళు అక్కర్లేదు. నేను మరీ చిన్నపిల్లగా ఉన్నప్పటి నుంచి ఇవన్నీ అందరి మధ్యా కూర్చుని, రెప్ప వేయకుండా చూశాను. నాన్న ఫ్యాన్ వైపు చూడడు. “నోరు ఊరుకోకపోతే అంతే మరి” అని నవ్వుతాడు. నాన్న అమ్మ మీద ఎప్పుడూ చెయ్యి ఎత్తలేదు. నానమ్మ ఆ సంగతి చుట్టాలందరికీ, “నా కొడుకు బంగారం” అని బహుమతి వచ్చినట్టు చెప్పుకుంటుంది. నిజమే, నాన్న మంచివాడే. కానీ ఆయన అలా నవ్వినప్పుడు అమ్మ చేతిలో సూది ఒక్క క్షణం ఆగుతుంది. అమ్మ ఒళ్ళో తల పెట్టుకుని పడుకునేదాన్ని కాబట్టి అది నాకు మాత్రమే తెలుసు.

నానమ్మకి ఎడమ చెవి వినిపించదు. మా టీవీ వీధి చివరిదాకా వినిపించేది అందుకే. చిన్నప్పుడు చీముపట్టి పోయిందని అందరికీ చెబుతుంది. ఒకరోజు నాకు జడ వేస్తూ అమ్మ గొంతు తగ్గించి చెప్పింది. చీము కాదట, తాతయ్య చెయ్యట.

ఒక ఆదివారం మధ్యాహ్నం టీవీలో కొత్త సినిమా వేశారు. అమ్మకి ప్రాణమైన నటి చాలా ఏళ్ళకి మళ్ళీ నటించింది అందులో. అమ్మ పొద్దున్నే లేచి వంటా, ఉతుకుడూ ముగించింది. గుండీలు కుట్టాల్సిన స్కూలు చొక్కాల కట్ట ఒళ్ళో పెట్టుకుని అందరికంటే ముందు వచ్చి కూర్చుంది. తల కూడా దువ్వుకుంది, తెర మీది ఆవిడ తనని చూస్తుందన్నట్టు. “ఇదొక్కటీ చివరిదాకా చూడాలే” అని నా చెవిలో అంది.

ముద్ర పడింది. పదహారేళ్ళు నిండినవాళ్ళు చూడొచ్చట.

“మనమ్మాయికి నిండాయిగా” అన్నాడు నాన్న.

“నిండితే కొమ్ములొచ్చాయా? చూద్దాం ఉండు” అంది నానమ్మ.

ఎక్కువసేపు పట్టలేదు. కథలో ఆవిడ భర్త ఉద్యోగం నుంచి వచ్చి వెనక నుంచి భుజం మీద చెయ్యి వేశాడో లేదో, దగ్గు వినిపించింది. నేను చటాలున లేచి, “నేనొక్కదాన్నే తెస్తాను. అమ్మా, నువ్వు కూర్చో” అన్నాను. నా గొంతు నాకే వినిపించలేదు. నలుగురిలో నా మాట ఎప్పుడూ అంతే, పెదవి దాటేలోపే సిగ్గుపడి వెనక్కి పోతుంది.

“నువ్వూ వెళ్ళవే” అన్నాడు నాన్న.

అమ్మ సూది చొక్కాకే గుచ్చి లేచింది. వంటింట్లో ఈసారి గ్లాసులు కడగలేదు. గోడకి చెవి ఆనించి నిలబడింది. “ఇప్పుడేం అవుతుంటుందమ్మా?” అన్నాను, అమ్మని నవ్వించాలని.

“ఏమో. నాకేం తెలుసు, నేను చూస్తేగా” అంది అమ్మ.

అమ్మ హీరో వంట చేయకపోవడం అదే మొదటిసారి.

నీళ్ళతో తిరిగొచ్చేసరికి కథ మారిపోయింది. ఆవిడ మానేసిన ఉద్యోగంలో మళ్ళీ చేరతానంటోంది. భర్త వద్దంటున్నాడు. ఆవిడ చేరతాననే అంది. అతను లాగి కొట్టాడు. మా టీవీ చప్పుడుకి ఆ దెబ్బ గదంతా మోగింది. ఆవిడ చెవి పట్టుకుని కూలబడింది.

నాన్న నవ్వాడు. “నోరు ఊరుకోకపోతే...”

అమ్మ సూది ఆగింది.

నేను దగ్గాను. గొంతులో ఏదీ అడ్డం పడలేదు. మాట కూడా ఈసారి వెనక్కి పోలేదు.

“నాన్నా, ఇది నువ్వు చూడకూడదు. కాసిని మంచినీళ్ళు పట్రా.”

“నేనా?” అన్నాడు నాన్న. ఆయన ముందే నిండు గ్లాసు ఉంది. దాన్ని చూశాడు, నన్ను చూశాడు, అలవాటు కొద్దీ ఫ్యాన్‌ని కూడా చూశాడు.

నానమ్మ కుడి చెవి మా వైపు తిప్పింది. “ఏమంటోందిరా పిల్ల?”

“నన్ను నీళ్ళు తెమ్మంటోందమ్మా. ఇది నేను చూడకూడదట.” నాన్న గొంతులో నవ్వు ఇంకా సగం ఉంది, మిగతా సగం ఎటు పోవాలో తెలియక ఆగింది.

నానమ్మ తెర వైపు చూసింది. తెర మీద ఆవిడ ఇంకా చెవి పట్టుకునే ఉంది. నానమ్మ చెయ్యి తనకి తెలియకుండానే తన ఎడమ చెవి మీదికి పోయింది. కాసేపు అక్కడే ఉంది.

“తెమ్మంది కదరా” అంది చివరికి. “వెళ్ళు. పాతికేళ్ళుగా అదే బుద్ధి, కొట్టుడు చూసి నవ్వు. లే.”

నాన్న లేచాడు. బంగారం లాంటి నాన్న. తలుపు దగ్గర ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు, ఎవరైనా వెంట వస్తారేమోనని. ఎవరూ కదల్లేదు. వంటింట్లో బిందె మూత కిందపడి గిరగిరా తిరిగి ఆగింది.

తెర మీద ఆవిడ లేచి మొహం కడుక్కుంది. సంచీ భుజాన వేసుకుని తలుపు గడియ మీద చెయ్యి వేసింది.

“ఏమే, గ్లాసులెక్కడ పెట్టావు?” వంటింట్లోంచి నాన్న కేక.

అమ్మ మోకాళ్ళు వాటంతట అవే సగం లేచాయి. ఒళ్ళోని చొక్కా జారింది. అమ్మ తలుపు వైపు చూసింది, తెర వైపు చూసింది, చొక్కా మళ్ళీ ఒళ్ళోకి లాక్కుని కూర్చుంది.

“వెతుక్కోండి. నేను సినిమా చూస్తున్నాను.”