బాత్రూం తాళం

ఆ కుట్టు ఫ్యాక్టరీలో ఆడవాళ్ల బాత్రూంకి తాళం. తాళంచెవి సూపర్‌వైజరు నడుముకి వేలాడేది. భోజనానికి ముందొకసారి, సాయంత్రం ఒకసారి తీస్తాడు. మధ్యలో అడిగితే చాలు, "ఇంట్లో కానిచ్చి రావడానికేం రోగం?" అని నలభైమంది ముందు అరుస్తాడు, సిగ్గూ శరమూ లేని మనిషి. అందుకని ఆడవాళ్లు నీళ్లు తాగడమే మానేశారు. కొత్తగా చేరినవాళ్లకి కుట్టు కన్నా ముందు నేర్పేది అదే.

కాలర్లు కుట్టే పిల్ల ఐదేళ్లు అలాగే నోరు కట్టుకుంది. మంట పుడితే వేడి చేసిందిలే అనుకుని ఊరుకుంది. మొన్న చలిజ్వరం వచ్చి, నడుము పట్టేసి, మూత్రంలో నెత్తురు పడేసరికి హడలిపోయి ఆస్పత్రికి పరిగెత్తింది.

"ఇన్‌ఫెక్షను కిడ్నీ దాకా పోయింది," అంది డాక్టరమ్మ. "మాత్రలు ఒక్కటీ మానకుండా వేసుకో. నీళ్లు బాగా తాగు, వచ్చినప్పుడల్లా వెళ్లు. ఇంకా ఆపుకున్నావంటే కిడ్నీ పోతుందమ్మా."

ప్రాణం మీద తీపి ఎవరికుండదు? మర్నాడు పొద్దున్నే మెషీను పక్కన సీసా పెట్టుకుని సగం తాగేసింది. పదింటికల్లా పొత్తికడుపు బిగిసింది. లేచి వెళ్లి సూపర్‌వైజరు ముందు చెయ్యి చాపింది.

"తాళం ఇవ్వండి సార్."

"టైం కాలేదు. పోయి కూర్చో."

"డాక్టరు చీటీ రాసిచ్చింది సార్."

అతను చీటీ లాక్కుని పరపరా చింపేశాడు. "తాగమన్నదెవరే నిన్ను?"

ఆమెకి ఒళ్లు మండిపోయింది. మెషీన్లు బాగుచేసే సుత్తి అందుకుని వెళ్లి తాళం మీద ఒక్కటేసింది. ఊడలేదు. రెండోది వేసేలోపు అతను వెనకనుంచి జుట్టు పట్టి గుంజి, తల గోడకేసి కొట్టాడు. కనుబొమ చిట్లి నెత్తురు కంట్లోకి కారింది. కిందపడ్డ మనిషిని పొత్తికడుపులో తన్నాడు. అమ్మో, పగవాళ్లకి కూడా వద్దు ఆ నొప్పి. అందరూ చూస్తుండగానే బట్టలు తడిసిపోయాయి.

అతను పగలబడి నవ్వాడు. మళ్లీ జుట్టు కోసం చెయ్యి చాపాడు.

ఆమె చేతిలోని సుత్తి అతని మణికట్టు మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు మెషీన్ల రొదలో కూడా వినిపించింది. మెషీన్లన్నీ ఆగిపోయాయి. గుండీలు కుట్టే అక్క, ఎవరినీ పల్లెత్తు మాట అనని మనిషి, వచ్చి, కుప్పకూలిన అతని గుండెల మీద మోకాలు వేసి కూర్చుని నడుముకున్న తాళంచెవి ఊడబెరికింది. కదలబోతే చెంప ఛెళ్లుమనిపించింది.

"పోలీసులకి ఫోన్ చెయ్యండిరా!" అని అతను గొంతు చించుకున్నాడు.

కాలర్లు కుట్టే పిల్ల గోడ పట్టుకుని లేచింది. కంట్లో నెత్తురు తుడుచుకుంది.

"చెయ్యనీ. నాదెలాగూ అయిపోయింది. వాళ్లొచ్చేలోపు వీళ్లందరూ వెళ్లొస్తారు."

అక్క తాళం తీసింది. ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి వరసలో నిలబడ్డారు.