ఎవరి మెడ వారిదే

బస్సులకు బాడీలు కట్టే ఆ షెడ్డులో అతన్ని అందరూ ‘అద్దం’ అని పిలుస్తారు. అతను రంగు కొట్టిన బస్సు ముందు నిలబడి పాపిడి తీసుకోవచ్చని ఎవడో అన్నాడు. ఆ మాట పదిహేనేళ్ళుగా అతనికి అంటుకుపోయింది. స్ప్రే గన్ను పట్టుకుంటే అద్దం చెయ్యి వణకదు. ఎంత దూరంలో పట్టాలో, ఎంత వేగంగా నడపాలో, ఎక్కడ వేలు వదలాలో అతనికి ఒకరు చెప్పక్కర్లేదు. రంగు కారనివ్వడు, చార పడనివ్వడు. అదే మనిషిని ఇంట్లో బల్బు మార్చమంటే పది రోజులు పడుతుందని అతని భార్య ఫిర్యాదు.

ఇన్నాళ్ళూ రంగు గదిలో అతని ముఖానికి ఉన్న రక్షణల్లా ఒక గుడ్డముక్క, దాని కింద గుబురు గడ్డం. ఆ గడ్డం షోకుకి పెంచింది కాదు. గీసుకుంటే చాలు, దవడ కింద నుంచి మెడంతా ఎర్రగా దద్దురు లేచేది. రెండో రోజుకి చిన్న చిన్న చీము కురుపులు. ఐదు బ్లేడ్ల రేజరు, డబ్బాలోంచి బుస్సున వచ్చే నురగ, పూసుకోగానే ప్రాణం పోయేంత మండే నీళ్ళు, అన్నీ అయ్యాయి. పెళ్ళి ఫొటోల్లో పెళ్ళికొడుకు మెడ పెళ్ళికూతురి చీర కన్నా ఎర్రగా ఉంటుంది. ఆ తర్వాత అతను రేజరు ముట్టుకుంటే ఒట్టు.

అలాంటివాడి మీద కొత్త రూలు వచ్చి పడింది. షెడ్డులో పాత పెయింటరు ఒకాయన ఊపిరితిత్తులు పాడై మంచాన పడ్డాడు. అప్పటికి గానీ యాజమాన్యానికి కళ్ళు తెరుచుకోలేదు. అసలైన మాస్కులు తెప్పించారు. రబ్బరు అంచు బుగ్గల మీదుగా వచ్చి చుబుకం కింద గట్టిగా అతుక్కుని కూర్చోవాలి. మధ్యలో వెంట్రుకలుంటే ఆ సందుల్లోంచి రంగు తుంపర్లు తిన్నగా లోపలికి పోతాయి. ఈ సంగతి సేఫ్టీ ఆఫీసరమ్మ అందరినీ నిలబెట్టి చెప్పింది.

“గడ్డం ఉంటే కుదరదు. పుళ్ళున్నా కుదరదు. ఇవాళ్టికి పదిహేనో రోజున మాస్కు పరీక్ష. పాసైనవాళ్ళు రంగు గదిలో ఉంటారు, మిగతావాళ్ళు పుట్టీ సెక్షనుకు వెళ్తారు. జీతాలు తగ్గవు, కంగారు పడకండి.”

అందరూ అద్దం గడ్డం వైపు చూశారు. పుట్టీ సెక్షనంటే రేకు సొట్టల్లో పుట్టీ నింపి, ఎండాక కాగితంతో రుద్దడం. అదీ పనే, అక్కడా మంచి పనివాళ్ళున్నారు. కానీ బస్సు మెరవడం ఆ చేతుల్లో జరగదు. పొద్దున బూడిదరంగులో లోపలికొచ్చిన బండి సాయంత్రానికి తళతళలాడుతూ బయటికి పోతుంటే గుమ్మంలో నిలబడి చూడటం అతనికి అన్నం కన్నా ఇష్టం. అది పోతుందంటే అద్దానికి నిజంగా భయం వేసింది. ఇంటికొచ్చి ఆ భయాన్ని కోపంగా మార్చి, చెప్పుల మీద, తలుపు మీద, చల్లారిన టీ మీద చూపించాడు.

విషయం రాబట్టిన భార్య తల పట్టుకుంది. వెనక గదిలోంచి వాళ్ళ అమ్మమ్మ మాత్రం తాపీగా అంది:

“దానికింత గొడవెందుకు? రేజరు నా పెట్టెలో ఉంది.”

ఆవిడకు ఎనభై ఒకటి. ఆరేళ్ళ కిందట తాతగారు పోయాక మనవరాలి దగ్గరికొచ్చేసింది. రేకు పెట్టె తెరిచి, చీరల అడుగున ఉన్న గుడ్డమూట విప్పింది. ఇత్తడి రేజరు. పైన తెల్లటి పూత చాలాచోట్ల అరిగి పసుపు బయటపడింది. పిడి తిప్పితే మూడు ముక్కలవుతుంది: పిడి, పలక, మూత. పలకకీ మూతకీ మధ్య ఒకే ఒక్క బ్లేడు.

“అమ్మమ్మా, ఆ తుప్పు సామాను ఆయన ముఖానికా?” అంది భార్య.

“ఇత్తడికి తుప్పేమిటే, పిచ్చిమొహమా! మీ తాతగారిది. పక్షవాతం వచ్చి ఆయన కుడిచెయ్యి పడిపోయాక తొమ్మిదేళ్ళు నేనే గీశాను. రోజూ. రైలు గార్డుగా చేసినాయన, పచ్చజెండా ఊపేటప్పుడు ఎలా ఉండేవాడో మంచంలోనూ అలాగే ఉండాలనేవాడు. ఒక్క గాటు పడలేదు, ఒక్క పొక్కు లేవలేదు.”

అద్దం మింగలేక కక్కలేక నిలబడ్డాడు. గడ్డమే లేనావిడ దగ్గర గడ్డం గీసుకోవడం నేర్చుకుంటున్నాడని షెడ్డులో తెలిస్తే ఈ పేరు పోయి ఇంకేం పేరు వస్తుందో. కానీ ఐదు బ్లేడ్లవాళ్ళు చెయ్యలేనిది ఈవిడైనా చేస్తుందేమో చూద్దామనిపించింది. కత్తెరతో గడ్డం కురచగా కత్తిరించుకుని ఆదివారం పొద్దున వాష్‌బేసిన్ ముందు నిలబడ్డాడు. అమ్మమ్మగారు పక్కన స్టూలేసుకుని కూర్చుంది.

“ముందు వేడినీళ్ళ తువ్వాలు. ఇంకాసేపు ఉంచు. ఎండిన కంది కట్టె కోస్తున్నావా, పచ్చి కాడ కోస్తున్నావా? నానాలి. ఆఁ, ఇప్పుడు సబ్బు. బ్రష్షుతో గుండ్రంగా తిప్పు. పైన నురగ కాదు నాయనా, లోపలికి పోవాలి.”

“సరేనండీ.”

“రేజరు అలా బిగించి పట్టుకుంటావేం, పాముని పట్టినట్టు? పిడి చివర రెండు వేళ్ళతో పట్టుకో. నువ్వు నొక్కకు. దాని బరువు దానికి చాలు. మూత ముందు చెంపకి తగలనీ, తర్వాత బ్లేడు ఆనేదాకా మెల్లగా పిడి దించు. అంతే వాలు. చిన్న చిన్న గీతలు.”

ఇదంతా అద్దానికి వెంటనే ఎక్కింది. గన్ను వాలు తప్పితే రంగు ఒకచోట దట్టం, ఒకచోట పల్చన. ఒకే దెబ్బకి దట్టంగా కొడితే కారుతుంది, రెండు పల్చటి పూతలైతే నిలుస్తుంది. ఇన్నాళ్ళూ తను ముఖానికి చేసిందేమిటంటే, ఐదు బ్లేడ్లతో నొక్కి నొక్కి ఒకేచోట ఏడుసార్లు గీకడం. గోటితో పోయేదానికి గొడ్డలి. బుగ్గల మీద వెంట్రుకలు గరగరమని పలుకుతూ ఊడొస్తుంటే అతని పెదవులు నవ్వుకు సాగాయి.

“నవ్వకు, తెగుతుంది. ఇప్పుడు మెడ. తల ఎత్తు. మెడ దగ్గర కింద నుంచి పైకి గియ్యాలి.”

“కింద నుంచి పైకా?”

“తొమ్మిదేళ్ళు గీశానంటున్నానా! కింద నుంచి పైకే.”

గీశాడు. ముఖం కడుక్కున్నాక భార్య దగ్గరికొచ్చి తేరిపార చూసి, “ఇదా మీ అసలు ముఖం?” అంది. బాగుందనో బాగాలేదనో చెప్పకుండా వంటగదిలోకి పోయింది గానీ, అక్కడ గిన్నెలు సర్దుతూ కూనిరాగం తీసింది. అద్దం మధ్యాహ్నం దాకా రాజాలా తిరిగాడు.

మధ్యాహ్నం నుంచి మెడ మండటం మొదలైంది. సాయంత్రానికి దద్దురు. మర్నాటికి దవడ కింద ఈ చివరి నుంచి ఆ చివరి దాకా కురుపులు. బుగ్గలు మాత్రం నున్నగా, ఏమీ ఎరగనట్టు ఉన్నాయి. షెడ్డులో ఆఫీసరమ్మ అతని చుబుకం కిందికి వంగి చూసి, “ఇది మానకపోతే మీకు పరీక్షే పెట్టను. రబ్బరు సరిగ్గా ఇక్కడే కూర్చుంటుంది” అంది. గోరుచుట్టు మీద రోకటి పోటంటే ఇదే.

అద్దం ఇంటికొచ్చాడు. రేజరు తీసుకెళ్ళి అమ్మమ్మగారి మంచం పక్కన గూట్లో ఠపీమని పెట్టి వచ్చాడు. ఆవిడ ఆ రాత్రి రెండు ముద్దలు తిని లేచిపోయింది.

“నా చెయ్యి ఎప్పుడూ తప్పలేదే” అంది మనవరాలితో. “ఎలా తప్పిందో తెలియడం లేదు.”

నాలుగు రోజులు అతను మెడకి చల్లటి గుడ్డ వేసుకుని, గోరు తగలనివ్వకుండా కాపాడుకున్నాడు. కురుపులు ఎండిపోయాయి. వాటితోపాటు గరుకు గడ్డం మళ్ళీ లేచింది. ఐదో రోజు పొద్దున అమ్మమ్మగారు అతన్ని పిలిచింది. మాట మెత్తగా ఉంది గానీ కాదనడానికి వీల్లేకుండా ఉంది.

“నాయనా, ఇలా వెలుగులో కూర్చో. ఒక్కసారి నీ మెడ చూడనీ.”

“చూడటానికేముందండీ...”

“కళ్ళతో కాదు. కూర్చో.”

కుర్చీలో కూర్చుని తల వెనక్కి వాల్చాడు. ఆవిడ కళ్ళు మూసుకుని కుడిచేతి నాలుగు వేళ్ళూ అతని గొంతు కింద ఆనించి, పైకి జరిపింది. సగంలో ఆగిపోయింది. మళ్ళీ కిందికి తెచ్చి మళ్ళీ పైకి జరిపింది. ఈసారి పై నుంచి కిందికి నిమిరింది. వేళ్ళు నున్నగా జారాయి. ఎడమవైపు వెళ్ళింది. అక్కడ వెంట్రుక కిందికీ కాదు పైకీ కాదు, అడ్డంగా చెవి వైపుకి పడుకుని ఉంది.

ఆవిడ చెయ్యి తీసేసింది.

“ఇది ఆయన మెడ కాదు” అంది.

గుమ్మంలో నిలబడ్డ మనవరాలు లోపలికొచ్చింది.

“ఆయనకి వెంట్రుక పైకి తిరిగి ఉండేది. కింద నుంచి పైకి గీస్తే వాలుకి గీసినట్టు. నీది కిందికి ఉంది నాయనా. నీ ముఖం నా ఎదురుగా పెట్టుకుని, ఆయన మెడ నీ చేత గీయించాను. అందరి మెడలూ ఒకేలా ఉంటాయనుకున్నాను. నేను ముట్టుకున్నది ఒక్క మెడేగా.” ఆవిడకు సిగ్గేసింది. దాని వెనకే ఏడుపొచ్చింది. ఆరేళ్ళలో ఆయన్ని తలుచుకుని మనవరాలి ఎదుట ఏడవడం అదే మొదలు.

అద్దం తన కోపాన్ని ఎక్కడ పెట్టాడో అతనికే గుర్తులేదు. ఏం చెయ్యాలో తోచక తనకు తెలిసిన సంగతి చెప్పాడు.

“మా షెడ్డులో కూడా ఇంతేనండీ. పాత బండి కొలతలతో కొత్త బండికి తలుపు కోసేస్తారు. వారానికోసారి అవుతుంది. తలుపు మంచిదే, బండి వేరు.”

“అప్పుడేం చేస్తారు?”

“కొత్త బండి కొలతలు తీసుకుంటాం.”

ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుని, “ఏమే, నీ కాటుక పెన్సిలిలా తే” అంది.

అరగంట పట్టింది. ఆవిడ కళ్ళు మూసుకుని వేళ్ళతో తడుముతూ దారి చెబుతుంటే మనవరాలు అతని మెడ మీద బాణం గుర్తులు గీసింది. గొంతు దగ్గర కిందికి. ఎడమ దవడ కింద చెవి వైపుకి. కుడివైపు రెండు వేళ్ళ మేర కిందికి, ఆ తర్వాత ఏటవాలుగా లోపలికి. చుబుకం కింద ఒకచోట సుడి ఉంది. ఆ సుడి దగ్గర పెన్సిలు తిరిగేసరికి భార్యకి నవ్వాగలేదు. “కదలకండీ, మీ మెడ మీద ట్రాఫిక్ జామైంది” అంది. అద్దం వెళ్ళి వాష్‌బేసిన్ అద్దం ముందు నిలబడి తన మెడని తనే మొదటిసారి చదువుకున్నాడు.

మళ్ళీ వేడి తువ్వాలు, సబ్బు, కొత్త బ్లేడు. సబ్బు కింద బాణాలు కరిగిపోతాయని ముందే రెండుసార్లు పైకి అప్పజెప్పించుకుంది అమ్మమ్మగారు. వాలుకి ఒక వరస. మళ్ళీ సబ్బు రాసి, అడ్డంగా ఒక వరస. మూడోది ఎదురు గియ్యబోతే ఆవిడ చేతి మీద ఒకటి వేసింది.

“చాలు. నున్నదనానికి ఆశపడితే పుండు మిగులుతుంది. ఆ కొంచెం గరుకు ఉండనీ.”

చన్నీళ్ళు, పటికముక్క. సాయంత్రం దాకా ఇంట్లో ముగ్గురూ వంతులవారీగా ఆ మెడని చూశారు. ఎర్రబడలేదు. మర్నాడూ ఎర్రబడలేదు. రోజు విడిచి రోజు గీసుకున్నాడు. మూడోసారికి ఆవిడ స్టూలు మీద కూర్చుందే గానీ నోరు విప్పలేదు.

పరీక్ష రోజున ఆఫీసరమ్మ మొదట మాస్కు లేకుండా ఏదో మందు తుంపర్లు అతని నాలిక మీద పడనిచ్చింది. వేపాకు నయం, అంత చేదు. తర్వాత మాస్కు బిగించి, తల మీంచి పారదర్శకమైన సంచీలాంటిది దించి, అందులోకి అదే మందు కొట్టింది. చేదు తగిలితే చెయ్యెత్తాలి. ఎత్తితే పుట్టీ సెక్షను.

“తల కుడికి తిప్పండి. ఎడమకి. పైకి. కిందికి. ఇప్పుడు గట్టిగా మాట్లాడండి, నేను ఆపమనేదాకా.”

“ఏం మాట్లాడనండీ?”

“ఏదైనా.”

పదిమంది చూస్తున్నారు. అద్దానికి బాగా కంఠతా వచ్చింది ఒక్కటే ఉంది, అదే అందుకున్నాడు. “గొంతు దగ్గర కిందికి. ఎడమ దవడ కింద చెవి వైపుకి. కుడివైపు రెండు వేళ్ళు కిందికి, ఆనక ఏటవాలుగా లోపలికి. చుబుకం కింద సుడి, అక్కడ చిన్న గీతలు, నొక్కకూడదు. మళ్ళీ గొంతు దగ్గర కిందికి...” నాలుగుసార్లు చెప్పాడు. వీడికి మతిపోయిందేమోనని ఫోర్‌మన్ పక్కవాడి చెవిలో అన్నాడు. అద్దం నాలిక మీద రబ్బరు వాసన తప్ప ఇంకేమీ లేదు.

“పాస్” అంది ఆఫీసరమ్మ.

మధ్యాహ్నం ఒక స్కూలు బస్సుకి మొదటి పూత తనే కొట్టి, సాయంత్రం తిన్నగా ఇంటికొచ్చాడు. అమ్మమ్మగారు గుమ్మంలోనే ఉంది.

“చేదు తగిలిందా?”

“లేదండీ. ఇంక ఏడాది దాకా పరీక్ష లేదు.”

“అయితే నీ పని నీకుందన్నమాట” అంది. సంతోషం పట్టలేక రెండు చేతులూ చాచింది. అతను ఆవిడకు అందేలా వంగి తల ఎత్తాడు. ఆవిడ కళ్ళు మూసుకుని అతని మెడ నిమిరింది. చెయ్యి గొంతు కింద మొదలై, పైకి వెళ్ళింది. పొద్దుటి నుంచి పెరిగిన వెంట్రుక ఎదురు తిరిగి ఆ వేళ్ళ కింద గరగరమంది. ఆ చప్పుడు అతనికి స్పష్టంగా వినిపించింది. కిందికండీ అనబోయి, మానేశాడు. ఆవిడ మరోసారి, ఇంకా నిదానంగా, తాతగారి మెడకి అలవాటైన దారినే కింద నుంచి పైకి నిమిరింది.

“ఎంత నున్నగా ఉందో” అంది.

“మీరు చెప్పినట్టే గీశానండీ” అన్నాడు అతను, కదలకుండా.