చెయ్యి పెట్టొద్దన్నారు

"మీరు చెయ్యి పెట్టకండమ్మా. ఆయన్నే తాగనీండి."

ఫిజియోథెరపిస్టు ధరణి ఆ మాట మెత్తగానే అంది. అప్పటికే నిర్మలమ్మ చెయ్యి సగం దూరం వెళ్ళిపోయింది. భర్త గంగాధరం కుడిచేతి వేళ్ళ మధ్య స్టీలు గ్లాసు ఒరిగిపోతూ, నీళ్ళు చొక్కా మీద పడుతున్నాయి. చాచిన చేతిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఆమె ఒళ్ళో పెట్టుకుంది.

గంగాధరం దామలచెరువు మామిడి మండీలో కేకలేసి పదిమంది చేత పని చేయించిన మనిషి. కాయల సీజను ముగియగానే పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయింది. కాలు తొందరగానే తేరుకుంది. చెయ్యి మాత్రం మణికట్టు దగ్గర కాస్త, వేళ్ళ దగ్గర కాస్త కదిలి ఊరుకుంది. తిరుపతి ఆసుపత్రిలో కొత్త వైద్యం ఉందని తెలిసి, తమ ఊరు చంద్రగిరి నుంచి రోజూ బస్సులో రావడానికి ఒప్పుకున్నారు. ముందు తలకు ఒక అయస్కాంతపు తీగచుట్ట ఆనించి టక్‌టక్‌మని తట్టిస్తారు. ఆ వెంటనే పడిపోయిన చేతితో పనులు చేయిస్తారు. బాగున్న ఎడమచేతికి మందపాటి తొడుగు వేసి కట్టేస్తారు, అది మధ్యలో దూరకుండా.

"చేతిని ఆడించే చోటు మెదడులో మందగించిందన్నా," అని చెప్పింది ధరణి. "మిషను దాన్ని తట్టి లేపుతుంది. లేచినప్పుడే పని చెప్పాల. అందరికీ ఒకే మాదిరి గుణం రాదు. మీ వేళ్ళు కదలతా ఉండాయి కాబట్టి ఆశ ఉండాది." తర్వాత నిర్మలమ్మ వైపు తిరిగింది. "ఇంటికాడ కూడా మీరు సాయం చేయగూడదు. పడిపోకుండా చూసుకోండి, అంతే."

ఆ 'అంతే' ఊరు చేరేదాకా నిర్మలమ్మకు మింగుడుపడలేదు. ఊరికే కూర్చోవడం ఆమెకు ఎవరూ నేర్పని పని. కాపురానికి వచ్చిన కొత్తలో గంగాధరం ఒకసారి కుండలో నీళ్ళు తనే ముంచుకున్నాడు. "మొగోడు లేచి నీళ్ళు ముంచుకుంటే ఇంట్లో ఆడది యాడికి పోయినట్టు?" అని అత్త పక్కింటికి వినపడేలా అంది. ఆ రోజు నుంచి ఆయన లేవలేదు. తువ్వాలు, చెప్పులు, కంచం పక్కన ఉప్పు, అన్నీ ఆయన చెయ్యి చాచేలోపు అక్కడ ఉండేవి. అడగకముందే అందించడం గొప్పని ఆమే నమ్మింది. "పొద్దస్తమానం ఇంట్లోనే కదా ఉండేది, నీకేం పని?" అని ఆయన అన్నప్పుడు కూడా ఆయన చేతిలో మజ్జిగ గ్లాసు ఉండేది. అది నడిచి వచ్చిందా అని ఆయన ఆలోచించలేదు, ఆమె అడగలేదు. పక్షవాతం వచ్చాక స్నానం చేయించింది, గుండీలు పెట్టింది, ముద్దలు నోటికి అందించింది. చుట్టాలు మహాతల్లి అన్నారు. ఆ మాట ఆమెకు తీయగానే ఉండింది, ఎందుకు అబద్ధం.

ఇంటి దగ్గర మొదటి రోజులు నరకమే. రాగిసంగటి ముద్ద కంచం దాటేలోపు జారిపోయేది. గంగాధరం కళ్ళు ఎర్రబడేవి. నిర్మలమ్మ ఒక చేత్తో ఇంకో చేతిని పట్టుకుని కూర్చునేది. ఆయన వేళ్ళకంటే తన వేళ్ళే ఎక్కువ తల్లడిల్లుతున్నాయని ఆమెకు అనిపించేది.

ఒకరోజు చొక్కా గుండీ కాజాలోకి పోక, ఆయన చొక్కా విప్పి విసిరికొట్టాడు.

"నాకొద్దు ఈ పీడ. ఆసుపత్రికి నేను రాను. నువ్వుండావు కదా, పెట్టు గుండీలు."

నిర్మలమ్మ లేవబోయి ఆగింది. ఆయనకు ఎదురు చెప్పిన అలవాటు లేదు.

"నేను పెట్టను," అంది. "నేను పెడితే నీ చెయ్యి పెట్టడం మర్చిపోతాది. అరిచినా పెట్టను."

ఆయన గోడకేసి తిరిగాడు. తర్వాత వంగి చొక్కా తీసుకున్నాడు. ఆ రోజు బస్సు దాటిపోయింది, తర్వాతి బస్సుకు వెళ్ళారు. పై గుండీ కింది కాజాలో ఉంది. ఆమె సరిచేయలేదు.

రోజులు గడిచేకొద్దీ రెండు మార్పులు వచ్చాయి. తీగచుట్ట టక్‌మన్నప్పుడు ఆయన బొటనవేలు ఉలిక్కిపడేది. "ఎవురో లోపల్నించి పిలిచినట్టు ఉండాది," అన్నాడు ఒకసారి, చిన్నపిల్లాడిలా. ఆ పిలుపు చల్లారకముందే ధరణి ఆయన చేత బఠాణీలు ఏరించేది, తాళం తిప్పించేది. గ్లాసు నిలబడింది. ముద్ద నోటిదాకా వచ్చింది. రెండో మార్పు ఎవరూ గమనించలేదు. ఆయన మెల్లగా తింటుంటే, చేసేదేమీ లేక నిర్మలమ్మ కూడా ఎదురుగా కంచం పెట్టుకుంది. పొగలు కక్కే సంగటి ఇంత బాగుంటుందని ఆమెకు తెలియదు. అప్పటిదాకా అందరూ లేచాక, చల్లారి గట్టిపడింది తినడమే ఎరుగును. సాయంత్రాలు గుమ్మంలో కూర్చుని చంద్రగిరి కోట మీద వెలుగు తగ్గడం చూసేది. ఏమీ తోచకపోవడం కూడా హాయిగానే ఉంది.

వైద్యం ముగిసిన రోజు ధరణి తొడుగు విప్పి, "ఇంక మామూలుగా ఉండచ్చన్నా," అంది. గంగాధరం హమ్మయ్య అన్నట్టు భార్య వైపు చూశాడు. ఆ చూపు ఆమెకు బాగా తెలుసు.

"మామూలుగా అంటే ఏందమ్మా?" అని అడిగింది నిర్మలమ్మ.

"రెండు చేతులతో ఆయన పనులు ఆయన చేసుకోవచ్చని."

"విన్నావు కదా," అంది భర్తతో.

నెల తిరక్కుండా గంగాధరం అక్క మునెమ్మ కార్వేటినగరం నుంచి చూడ్డానికి వచ్చింది. తమ్ముడు పొయ్యి దగ్గర నిలబడి గిన్నె వంచి టీ వడపోస్తున్నాడు. చెయ్యి కొంచెం వణుకుతోంది, చుక్క మాత్రం కింద పడటం లేదు. నిర్మలమ్మ కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది.

"ఏం నిర్మలా, జబ్బు మనిషి చేత చేయిస్తా ఉండావా? మానుకో తల్లీ."

గంగాధరం గ్లాసులు తెచ్చి ఇద్దరి ముందూ పెట్టాడు. నిర్మలమ్మ ఒకటి అందుకుని, ఊదుకుని, ఒక గుక్క తాగింది. తర్వాత నెమ్మదిగా అంది.

"ఆయనకు నయమైపోయింది వదినా. నాకే ఇప్పుడిప్పుడు నయమవతా ఉండాది. వైద్యం నడిమధ్యలో మానకూడదు."