తెరిచి ఉంచే గడియ

వ్యాను వెనుక తలుపు పైకెత్తి సొరుగును బయటికి లాగితే, దాని మీదే స్టవ్వు వస్తుంది. స్టవ్వు మీద కడాయి, కడాయిలో కాగే నూనె, నూనె పక్కన తన బిడ్డ. ఈ ఏర్పాటు అరుణమ్మకు మొదటి రోజే నచ్చలేదు. సొరుగులో చీరలు పెట్టుకుంటారు, మందుబిళ్లలు పెట్టుకుంటారు, మండే పొయ్యిని ఎవరైనా పెట్టుకుంటారా అని అల్మాస్‌గూడ ఇంట్లో కనబడిన ప్రతివాళ్లనూ అడిగింది. కూతురు పల్లవి నవ్వి ఊరుకుంది. బీకాం చదివి, ఆఫీసు ఉద్యోగం మానేసి, మిర్చి బజ్జీల కోసం పాత వ్యాను కొనుక్కున్న పిల్ల. తల్లి చదివింది ఏడో తరగతి. వాదనలో గెలవలేనని తెలిసినప్పుడు అరుణమ్మ వెంట వెళుతుంది. అలా రోజూ సాయంత్రం పక్క సీట్లో కూర్చుని దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్ల సందుకు వస్తోంది.

ఒక్క షరతు మాత్రం పెట్టింది. పొయ్యి ముందు నిలబడ్డ మనిషి తూర్పు ముఖంగా ఉండాలి. పల్లవి ఒప్పుకుంది. వ్యాను ముక్కు తూర్పుకు పెట్టి, వెనుక నిలబడి వండడం మొదలుపెట్టింది.

ఒకరోజు కడాయి నిండా బజ్జీలుండగా గరిటె కొంచెం గట్టిగా ఒత్తింది. సొరుగు దానంతటదే జానెడు లోపలికి జరిగింది. నూనె అంచు దాటి చెక్క మీద పడింది, కొంత పల్లవి మణికట్టు మీద పడింది. బజ్జీల కోసం నిలబడ్డ సింధూర, భీమవరం నుంచి వచ్చి కోచింగ్ తీసుకుంటున్న అమ్మాయి, చేతిలోని సీసా మూత తీసి ఆ మణికట్టు మీద నీళ్లు పోసేసింది.

"అక్కా, చెయ్యి అలాగే ఉంచండి. తుడవకండి. ఆంటీ, ముందు మీరు స్టవ్వు ఆపెయ్యండి."

బొబ్బలు మణికట్టు దాటలేదు. అరుణమ్మ ఆలోచన మాత్రం చాలా దూరం వెళ్లింది. ముఖం మీద పడి ఉంటే, కంట్లో పడి ఉంటే, నిలబడ్డ ఆ పరాయి పిల్ల మీద పడి ఉంటే. మరునాటి నుంచి వ్యాను పక్కన నిలబడి, రెండు చేతులతో సొరుగు అంచు పట్టుకుని సాయంత్రమంతా గడిపింది.

"గట్ల దొంగను పట్టుకున్నట్టు పట్టుకుంటే గిరాకోళ్లు దగ్గరికొస్తరా అమ్మా?" అంది పల్లవి.

"రాకుంటే పాయె."

"బండి ఇటు తిప్పి పెట్టి చూద్దాం."

"పడమర మొఖం పెట్టి పొయ్యి ముట్టిస్తవా? చెయ్యి కాలింది చాలదా?" సొరుగు వదలకుండానే మళ్లీ అంది. "ఆదివారం లోపల ఇది కదలకుండ చెయ్యి. లేకుంటే నూనె పొయ్యనియ్య. చాయ్ అమ్ముకో."

"చాయ్ గూడ కాలుతది."

కానీ తల్లి మాట తప్పదని పల్లవికి తెలుసు. గ్యాస్ బండకు తాళం వేసి, తాళంచెవి కొంగుకు కట్టుకునే మనిషి. పైగా చాయ్ బండ్లు ఆ సందులో అడుగడుగునా ఉన్నాయి. బజ్జీ లేకపోతే ఈ వ్యాను దగ్గర ఆగేవాళ్లెవరు?

ఎల్బీ నగర్‌లో తలుపుల సామాను అమ్మే దుకాణానికి ఇద్దరూ వెళ్లారు. దుకాణదారు సొరుగు జారే ఇనుప పట్టా, కొత్త రకం ఛానల్ తీసి, వేలితో నెట్టి చూపించాడు.

"సాఫ్ట్ క్లోజ్ అక్కా. జర నెడితే సాలు, మెత్తగ అదే లోపలికి పోతది."

"మాది ఆల్రెడీ అదే పోతున్నది," అంది పల్లవి. "పోనిది కావాలె."

పూర్తిగా లాగగానే పట్టుకునే లాకు ఛానళ్లు ఉంటాయనీ, తెప్పించాలనీ, అవి పొడుగు కాబట్టి సొరుగు మొత్తం విప్పి కొత్తగా చేయించుకోవాలనీ చెప్పాడు. అప్పటిదాకా ఆదివారం ఆగదు. ఇద్దరూ ఉత్త చేతులతో ఇంటికొచ్చారు.

అరుణమ్మ భర్త రామచంద్రం ఆ పాతకాలపు ఇంటి గడప మీద కూర్చుని ఉన్నాడు. కథంతా విని నవ్వాడు.

"పిల్ల వేళ్లు నలుగుతయని నేలకు బొక్క కొట్టిచ్చినవ్. మర్చిపోయినవా?"

ఆయన వీపుకు ఆనుకున్న తలుపు రెక్క వైపు అరుణమ్మ చూసింది. పల్లవి పాకే వయసులో గాలికి ఆ తలుపు దబాలున కొట్టుకునేది. అప్పుడు మేస్త్రీని పిలిపించి, తలుపు బార్లా తెరిచినప్పుడు కింది గడియ దిగేలా నేలలో ఇంకో రంధ్రం చేయించింది. గడియ మూయడానికి గానీ తెరవడానికి ఎందుకని మేస్త్రీ నవ్వాడు. ఆ రెక్క అప్పటి నుంచి గాలికి కదల్లేదు.

ఆమె వంగి గడియ ఎత్తింది, దించింది. మళ్లీ ఎత్తింది.

"ఇది సొరుగుకు పెడితే?"

పల్లవి తనూ ఆ గడియను ఓసారి ఎత్తి దించి చూసింది. తర్వాత డ్రిల్లింగ్ మిషన్ వెతకడానికి లోపలికి వెళ్లింది.

సొరుగు పూర్తిగా లాగినా దాని వెనుక చెక్క వ్యాను లోపలే ఉంటుంది, పక్క తలుపు తీస్తే చేతికి అందుతుంది. ఆ చెక్కకు ఒక మూల అలాంటి గడియనే నిలువుగా బిగించారు. కడ్డీ కొసకు అరుణమ్మ కుంకుమ రాసి కిందికి నొక్కింది. వ్యాను అడుగు చెక్క మీద ఎర్రటి చుక్క పడింది. పల్లవి అక్కడ రంధ్రం చేసింది. నెట్టి చూస్తే ఒక మూల నిలిచింది, రెండో మూల గోరంత జరిగింది.

"ఆ కొంచెం ఏం చెయ్యదు," అంది పల్లవి.

"ఆ కొంచెంలనే నూనె ఒలుకుతది. అటు దిక్కు గూడ పెట్టు."

అటు కూడా పెట్టారు. చెక్క అరిగిపోతే గడియ వదులవుతుందని రంధ్రాల చుట్టూ ఇనుప బిళ్లలు వేయించింది. వ్యాను నడిచేటప్పుడు సొరుగు బయటికి రాకుండా, మూసినప్పటి చోట ఇంకో రెండు రంధ్రాలు.

ఆదివారం సందులో వ్యాను ఎప్పటిలాగే తూర్పుకు పెట్టారు. అరుణమ్మ గడియలు దించి, కడాయిలో నీళ్లు పోయించి, నడుము ఆనించి బలంగా నెట్టింది. సొరుగు కదల్లేదు. పల్లవి కూడా వచ్చి నెట్టింది. వ్యాను ఊగింది గానీ సొరుగు అక్కడే ఉంది.

"ఇగనన్న నూనె పొయ్యనిస్తవా?"

అరుణమ్మ కడాయి వైపు చూస్తోంది. నీళ్ల ఊపు ఆగింది. తూర్పు వైపు నీళ్లు అంచుకు దగ్గరగా ఉన్నాయి, పడమర వైపు కిందికి ఉన్నాయి. చూస్తే రోడ్డు చదునుగానే కనిపిస్తుంది. నీళ్లు మాత్రం వాలు ఎటుందో చూపిస్తున్నాయి. ఇన్ని రోజులూ సొరుగు ఎందుకు లోపలికి పోతోందో, వ్యానును అలా పెట్టమన్నది ఎవరో ఆమెకు అర్థమైంది.

"బండి తిప్పు," అంది.

"గడియలు పడ్డయి గద. ఎటుంటే ఏంది?"

"గడియ మీద ఒత్తిడి ఎందుకు? ఇటు తిప్పితే వాలు గూడ బయటికే ఉంటది. గడియలు విరిగినా లోపలికి పోదు."

"పడమర మొఖమైతది మరి."

అరుణమ్మ నీళ్లు రోడ్డు పక్కన పారబోసి, కడాయి కొంగుతో తుడిచింది.

"దేవునితోని నేను మాట్లాడుకుంట. నూనెతోని మాట్లాడలేను."

పల్లవి వ్యాను తిప్పింది. సొరుగు లాగితే తేలిగ్గా చివరి దాకా వచ్చి నిలిచింది. అరుణమ్మ పక్క తలుపులోంచి చెయ్యి పెట్టి ఒక గడియ దించింది, అటు తిరిగి వెళ్లి రెండోది దించింది, రెండింటినీ తడిమి చూసుకుంది. తర్వాత వచ్చి నూనె డబ్బా మూత తనే తీసి ఇచ్చింది.