నీ ఎత్తు ఒక్కటీ ఉండకూడదు

“అదెంత పని, టైపు కొట్టడమే కదా, నువ్వు చేసెయ్,” అన్నాడు మా ఆయన, పేపరులోంచి కళ్ళు కూడా తిప్పకుండా. నేనప్పుడు ఉతికిన దుప్పట్లు మడతపెడుతున్నాను. మా ఇంట్లో నేను చేసేవన్నీ ‘అదెంత పని’ కిందికే వస్తాయి. ఆయన చేసేది మాత్రం ఆట.

మా ఆయన చదరంగంలో పేరున్న మనిషి. ఫోన్లో చదరంగం ఆడుకునే యాప్ తయారుచేసే కంపెనీవాళ్ళకి అచ్చం ఆయనలాగే ఆడే కంప్యూటర్ కావాలట. దానికి ముందు ఓపెనింగ్ బుక్ ఒకటి తయారుచేయాలి. ఆట మొదట్లో ఎదుటివాడు ఇది ఆడితే ఈయన ఏది ఆడతాడు, పదిసార్లలో ఎన్నిసార్లు ఆడతాడు అని రాసిపెట్టే జాబితా అది. జాబితా ఉన్నంతవరకూ కంప్యూటర్ ఆయనలా ఆడుతుంది, అయిపోయాక తన సొంత బుర్రతో ఆడుకుంటుంది.

పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆయన తన ఆటలు రాసుకున్న ఇరవై రెండేళ్ళ నోటుపుస్తకాలు, అన్నీ కంప్యూటర్లోకి ఎక్కించాలి. వంటకీ వంటకీ మధ్య నాలుగు నెలలు కూర్చున్నాను. నడుము పట్టేసింది. “గుర్రాలూ ఏనుగులూ చూస్తూ కూర్చుంటే పొయ్యి మీద పాలు ఆగుతాయా?” అని అత్తగారు. నిజమే, రెండుసార్లు పొంగిపోయాయి. ఆ పొయ్యి తుడుచుకున్నదీ నేనే.

పెళ్ళికి ముందు నేనూ ఆడేదాన్ని. కాలేజీ జట్టులో మొదటి బోర్డు నాదే, అంటే జట్టులో అందరికన్నా బాగా ఆడేవాళ్ళ చోటు. తర్వాత పోటీలు మానేశాను. మానమని ఎవరూ అనలేదు, వెళ్ళమనీ అనలేదు. కానీ ఆయన ప్రతి పోటీకి ముందూ వంటింటి బల్ల మీద నాతోనే ఆడేవాడు. “ఏదీ, నన్ను ఇబ్బంది పెట్టు చూద్దాం,” అనేవాడు. పెట్టేదాన్ని. మొహం చిట్లించుకుని నా ఎత్తు నోటుపుస్తకంలో రాసుకునేవాడు. నెల తిరక్కుండా దాంతోనే పోటీలో గెలిచి వచ్చేవాడు. చుట్టాల దగ్గర మాత్రం, “మా ఆవిడకి గుర్రం ఎటు దూకుతుందో తెలుసు, అంతవరకే,” అని అందర్నీ నవ్వించేవాడు. నేనూ నవ్వేదాన్ని. ఏడవడానికి తీరికెక్కడిది, చేతిలో కాఫీ కప్పులుండేవి.

నేను పంపిన జాబితా చూసి పోయిన వారం కంపెనీ అమ్మాయి ఫోన్ చేసింది. ఆయన స్పీకర్లో పెట్టాడు.

“సార్, ఏడో ఎత్తుకి గుర్రాన్ని వెనక్కి లాగుతారు కదా, అదే మీ స్టైల్ అంటారందరూ. పోటీల్లో మీరు మొదటిసారి ఆడినదానికి నెల ముందే ఆ ఎత్తు ఇంకో ఆటలో ఉంది. అది ఏ పోటీయో మాకు దొరకట్లేదు.”

అది వంటింటి బల్ల మీద ఆడిన ఆట. పోటీ ఆటల మధ్య పొరపాటున ఎక్కించేశాను. ఆ గుర్రాన్ని వెనక్కి లాగింది నేను.

చెప్తాడేమోనని ఆశపడ్డాను. ఇన్నేళ్ళకి ఒక్క మాట, “అది మా ఆవిడదమ్మా” అని.

“మా ఆవిడ పొరపాటమ్మా,” అని నవ్వాడు. ఫోన్ పెట్టేశాక ఆ నవ్వూ పోయింది. “బుద్ధుందా? ఊసుపోక ఆడినవి కూడా ఎక్కిస్తావా? అది నా పుస్తకం. అందులో నీ ఎత్తు ఒక్కటీ ఉండకూడదు. తీసెయ్.”

“ఒక్కటీనా?”

“ఒక్కటీ!”

ఆ ఒక్క ఆటా తీసేద్దామనే కూర్చున్నాను. నోటుపుస్తకం తిప్పుతుంటే వంటింటి ఆటలన్నీ కనబడ్డాయి. ప్రతిదానికీ తారీఖు, పక్కన ఆయన చేతిరాతతోనే ‘ఇంట్లో’ అని. ఒక్కటీ ఉండకూడదన్నాడుగా! ముందు నేను వేసి, తర్వాత ఆయన పోటీల్లో ఆడిన ఎత్తులన్నీ ఏరి ఏరి తీసేశాను. మూడు రోజులు పట్టింది. కోపంతో చేశాననుకోకండి, కోపానిక్కూడా ఓపిక కావాలి. ఎప్పటిలాగే చెప్పిన పని చెప్పినట్టు చేశాను.

ఆదివారం పొద్దున ఆ అమ్మాయి లాప్‌టాప్ తెచ్చి హాల్లో పెట్టింది. అత్తగారు కుర్చీ జరుపుకుని మరీ కూర్చున్నారు. మా ఆయన తనతో తను ఆడుకోవడానికి ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. ఐదు ఎత్తులు చకచకా నడిచాయి. ఆరో ఎత్తు దగ్గర బుక్ అయిపోయిందని తెర మీద పడింది.

“ఇదేంటి, పాడైందా?” అన్నాడు.

“లేదు సార్,” అంది ఆ అమ్మాయి, అటూ ఇటూ నొక్కి చూసి. “లోపల ఇంతే ఉంది.”

ఆయన నావైపు తిరిగాడు. “ఇరవై రెండేళ్ళ ఆట! ఇంతేనా?”

“నావన్నీ తీసేశానండీ,” అన్నాను. “మీవి ఇంతే.”